‘వ్యక్తిగత కారణాల వల్ల’

ముప్పై మూడేళ్ళు ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవాణ్ణి. ఎన్నో రాజీనామా పత్రాలను ఇన్‌వార్డు రిజిస్టరులో ఎక్కించాను. కొన్నింటికి చిత్తుప్రతి నేనే వ్రాసిపెట్టాను. దాదాపు అన్నీ ఒకే వాక్యంతో మొదలవుతాయి: ‘వ్యక్తిగత కారణాల వల్ల నేను నా ఉద్యోగమునకు రాజీనామా చేయుచున్నాను.’ పై అధికారి నోటి దురుసుకు తాళలేక మానేసినవాడూ అదే వ్రాశాడు, మూడు నెలలు జీతం రాక మానేసినవాడూ అదే వ్రాశాడు, కులం పేరుతో అవమానపడి మానేసినవాడూ అదే వ్రాశాడు. ఆ మాట కింద ఏమి దాగి ఉందో ఏ ఫైలూ చెప్పదు. ఫైలు చెప్పనిది ప్రభుత్వం దృష్టిలో జరగనే లేదు. ఈ చిన్న సంగతి మన సముదాయ పెద్దలకు ఇప్పటికైనా తలకెక్కాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. నొచ్చుకునేవారు ఉంటారని తెలుసు. నొచ్చుకోవలసినవారిలో నేనూ ఉన్నాను, ఆ సంగతి తరువాత చెబుతాను.

గత జనవరిలో ఒక శుక్రవారం సాయంత్రం భీమడోలులోని మా ఇంటికి ఒక తండ్రి, కూతురు వచ్చారు. తండ్రి కొల్లేరు చేపల లారీలకు ఐసు నింపే కూలీ. కూతురు జి.ఎన్.ఎం. పూర్తిచేసి, 2021 జూన్ నుంచి జిల్లాలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నది. ఆసుపత్రి పేరు వ్రాయను. వ్రాస్తే చర్చ అంతా ఆ భవనం చుట్టూ తిరుగుతుంది, నేను మాట్లాడదలచినది మన వరండాల గురించి. జీతం పధ్నాలుగు వేలు. ప్రైవేటు నర్సుల దుస్థితిపై సుప్రీంకోర్టు ఆదేశించగా కేంద్రం వేసిన కమిటీ, యాభై మంచాలలోపు చిన్న ఆసుపత్రి సైతం నెలకు 20,000 రూపాయలకు తగ్గించరాదని 2016లోనే సిఫారసు చేసింది. కేరళ నర్సులు 2017లో వీధికెక్కి ఆ ఇరవై వేలను తమ ప్రభుత్వం చేత ఒప్పించుకున్నారు. మన పిల్ల పదేళ్ళ తరువాత కూడా పధ్నాలుగు వేల దగ్గరే ఉంది. ఆ పధ్నాలుగు వేలతోనే ఆ ఇంట్లో అప్పు తీరుతున్నది, తమ్ముడు డిగ్రీ చదువుతున్నాడు.

జరిగినది ఇది. రాత్రి డ్యూటీలో ముప్పై రెండు మంచాలకు ఇద్దరు నర్సులు. ఒక వృద్ధ రోగి చేతికి పెట్టిన క్యాన్యులా జారి, సెలైను చర్మం కిందికి దిగి చెయ్యి వాచింది. ఆమె దానిని రెండు గంటల వేళ చూసి ఉండవలసింది. అప్పుడు వేరొక మంచం దగ్గర ఊపిరి ఆడని రోగి వద్ద ఉండి, నాలుగింటికి చూసింది. చూసిన వెంటనే తీసివేసి, రెండవ చేతికి పెట్టి, డ్యూటీ డాక్టరుకు చెప్పింది. అయితే కేస్ షీటులో ఆ వివరం వ్రాయడం తెల్లవారిన తరువాత గాని జరగలేదు. ఇది లోపమే. ఆమె దాచలేదు, నేనూ దాచను. వాపు రెండు రోజులలో తగ్గింది. రోగి కుమారుడు ఫిర్యాదు ఇచ్చాడు. అందులో చేతి వాపును గురించి ఒక వాక్యం, ‘ఆ ముసుగు అమ్మాయిని మా నాన్నగారి గదికి పంపవద్దు’ అని మరొక వాక్యం ఉన్నాయని ఆమెకు చెప్పారు. ఆమె వేసుకునేది ముఖం కప్పే ముసుగు కాదు. తలగుడ్డను వెనక్కి ముడిచి యూనిఫాం లోపలికి దోపుకుంటుంది. నాలుగేళ్ళ ఏడు నెలలుగా దానిపై ఎవరూ ఒక్క మాట అన్నది లేదు.

ఫిర్యాదుపై ఆమెకు మెమో ఇవ్వలేదు. వివరణ అడగలేదు. ఫిర్యాదు ప్రతి చూపలేదు. హెచ్.ఆర్. గదికి పిలిచి, తలుపు మూసి, మర్యాదగానే చెప్పారట: ‘సోమవారంలోగా నువ్వే రాజీనామా ఇస్తే అనుభవ ధ్రువపత్రం మంచిగా ఇస్తాం. లేదంటే తీసేస్తాం, తీసేసినట్టే వ్రాస్తాం, నర్సుల కౌన్సిలుకూ తెలియజేస్తాం.’

ఆ అమ్మాయి నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: “చాచా, వాళ్ళు తీసేసేలోగా నేనే మానేస్తే మంచిదా?”

ఆ రాత్రి ఇషా నమాజు తరువాత మస్జిదు వరండాలో నలుగురు పెద్దలం కూర్చున్నాం. విషయం చెప్పాను. ఒకరు ‘ఇజ్జత్‌తో బయటపడనివ్వండి’ అన్నారు. ఇంకొకరు ‘ఆడపిల్ల పేరు కాగితాలకెక్కితే రేపు సంబంధాలు వస్తాయా’ అన్నారు. మూడవవారు ‘రిజ్క్ ఇచ్చేవాడు అల్లాహ్, ఈ ఉద్యోగం పోతే మరొకటి’ అని నిట్టూర్చారు. అయిదు నిమిషాలలో తీర్పు అయిపోయింది. ఆ తీర్పు వినవలసిన పిల్ల అక్కడ లేదు, ఆమె తల్లి లేదు. ఒక మనిషి అన్నం గిన్నెను గురించి తీర్మానించడానికి మాకు పట్టిన కాలం, ఆ వరండాలో ఫ్యాను మరమ్మతుకు కరెంటు మేస్త్రీని పిలవాలా వద్దా అని తేల్చడానికి పట్టిన కాలంలో పదోవంతు కూడా కాదు.

ఇజ్జత్ అనే మాటను కాస్త విప్పి చూద్దాం. ఏ తప్పును ఎవరు విచారించారో తెలియకుండా, తన మాట ఎవరికీ చెప్పుకోకుండా, తన చేతితో తానే తన ఉద్యోగానికి మరణవాంగ్మూలం వ్రాసి ఇచ్చి వెనుక గుమ్మం నుంచి వెళ్ళిపోవడం ఇజ్జత్ ఎలా అవుతుంది? ఆ ఏర్పాటులో గౌరవం దక్కేది యాజమాన్యానికి. వారి పుస్తకాలలో ఒక తొలగింపు తగ్గుతుంది, ఒక స్వచ్ఛంద రాజీనామా పెరుగుతుంది. పెళ్ళి సంబంధాల మాట అన్న పెద్దమనిషికి నా జవాబు ఆనాడే చెప్పాను, ఇక్కడా చెబుతాను: రోగి ప్రాణం కోసం రాత్రంతా నిలబడిన పిల్ల తన హక్కు కోసం ఒక ఉత్తరం వ్రాసిందని వెనకాడే సంబంధం రాకపోవడమే మేలు. రిజ్క్ సంగతి సరే. ఇచ్చేవాడు ఆయనే అనే విశ్వాసం నాకూ ఉంది. కాని దాని అర్థం, ఇచ్చినదానిని లాక్కుపోతున్నవాడికి తలుపు తీసి పట్టుకోవాలని కాదు.

అసలు మన పెద్దల మనసులో ఉన్నది వేరు. వారు ఈ పిల్ల నర్సు కావడాన్నే మొదటి నుంచీ ఒప్పుకోలేదు. ‘రాత్రి డ్యూటీలా? పరాయి మగవాళ్ళకు సూదులా?’ అని ఆమె చేరిననాడు గొణిగిన గొంతులే నేడు ‘పోనివ్వండి’ అంటున్నాయి. మదీనాలో ప్రవక్త మస్జిదు ఆవరణలోనే గుడారం వేసి గాయపడినవారికి శుశ్రూష చేసిన రుఫైదా అల్ అస్లమియ్యా పేరు వీరికి తెలియనిది కాదు. ఖందక్ యుద్ధంలో బాణం తగిలిన సఅద్ బిన్ ముఆజ్‌ను ఆమె గుడారానికే చేర్చారని చరిత్ర చెబుతున్నది. మీలాద్ సభలలో ఆ పేరు చెప్పి పరవశించేవారు, మన వీధిలోని రుఫైదా వచ్చి కూర్చుంటే సలహా ఇవ్వడానికి గుటకలు మింగుతారు.

ఇంకొక సంగతి గుర్తుచేయాలి. 2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరు వన్‌టౌన్‌లో మనుషులు నిలుచున్న చోటనే మూర్ఛతో పడిపోయిన రోజులు ఎవరూ మరచి ఉండరు. వారం తిరిగేసరికి అయిదు వందల మందికి పైగా ఏలూరు ప్రభుత్వ ఆసుపత్రికి చేరారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని ఎయిమ్స్ చెప్పే వరకు అది అంటువ్యాధో, గాలిలోని విషమో, నీటిలోని విషమో ఎవరికీ తెలియదు. తెలియకుండానే కొందరు ఆ మంచాల మధ్య నిలబడ్డారు. ఈ అమ్మాయి అప్పుడు నర్సింగ్ విద్యార్థిని. వార్డు డ్యూటీలో ఉండి, కొట్టుకుంటున్న రోగులను పక్కకు తిప్పి పట్టుకున్నవారిలో ఆమె ఒకతె. ఆ వారంలో ఏలూరులో ఎవరి కంటికీ నర్సు తలగుడ్డ కనబడలేదు.

నాకు పట్టుదల ఎందుకు కలిగిందో ఇప్పుడు చెప్పాలి. పన్నెండేళ్ళ క్రితం మన సముదాయానికే చెందిన ఒక ల్యాబ్ టెక్నీషియను ఇటువంటి సందర్భంలోనే నా దగ్గరకు వచ్చింది. గర్భవతిగా ఉన్నప్పుడు సెలవు అడిగితే, సెలవుకు బదులు రాజీనామా ఇమ్మన్నారు, ప్రసవం తరువాత మళ్ళీ తీసుకుంటామన్నారు. నేను నా ముత్యాల వంటి దస్తూరీతో ఆ పత్రం వ్రాసిపెట్టాను. ‘వ్యక్తిగత కారణాల వల్ల.’ ప్రసవం అయింది, బిడ్డ నడిచింది, తిరిగి తీసుకోలేదు. కార్మిక శాఖ కార్యాలయానికి ఆమెతో నేనే వెళ్ళాను. అక్కడి అధికారి మంచివాడే. కాగితం చదివి, ‘మీరే మానేశారు కదమ్మా, ఇందులో నేను ఎవరిని పిలవను?’ అన్నాడు. ఆయన వేలు పెట్టి చూపించిన వాక్యం నా చేతివ్రాతలో ఉంది. ఆ తరువాత ఆమె మా ఇంటి వైపు రాలేదు. రావలసిన అవసరం ఆమెకు లేదు.

ఇక చట్టం సంగతి. నేను ఉద్యోగంలో ఉండగా నాపై ఇటువంటి ఫిర్యాదే వచ్చి ఉంటే ఏమి జరిగేది? రాజ్యాంగంలోని 311వ అధికరణం, 1991 సి.సి.ఎ. నియమావళిలోని 20వ నియమం నాకు గొడుగు పట్టేవి. అభియోగ పత్రం ఇవ్వాలి, నా వివరణ తీసుకోవాలి, విచారణాధికారిని వేయాలి, సాక్షులను ప్రశ్నించనివ్వాలి, చివరకు కారణాలతో కూడిన ఉత్తర్వు ఇవ్వాలి. నిజమైన దోషులు సైతం ఆ గొడుగు కింద తడవకుండా దాటిపోవడం కళ్ళారా చూశాను. నాకు గొడుగు అంత పెద్దది, ఐసు కూలీ కూతురికి మాత్రం గొడుగే లేదు అనుకుని మనం ఊరుకుంటున్నాం. అది సగం నిజం మాత్రమే.

ఆసుపత్రి కూడా పరిశ్రమ నిర్వచనంలోకి వస్తుందని 1978లో బెంగుళూరు నీటి సరఫరా మండలి కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ ధర్మాసుపత్రులను ఆ నిర్వచనం నుంచి తప్పించినా, రుసుము వసూలు చేసే ఆసుపత్రికి ఆ వెసులుబాటు లేదు. పర్యవేక్షణ హోదా లేని స్టాఫ్ నర్సు చట్టం దృష్టిలో నైపుణ్యం గల పనివారు. ఏడాది నిరంతరంగా పనిచేసినవారిని శిక్షగా కాక వేరే కారణంతో తొలగించాలంటే నెల ముందు నోటీసు గాని ఆ నెల జీతం గాని, దానిపై ఏడాదికి పదిహేను రోజుల సగటు జీతం చొప్పున పరిహారం ఇవ్వాలని 1947 పారిశ్రామిక వివాదాల చట్టమూ చెప్పింది, దాని స్థానంలో వచ్చిన కోడూ చెబుతున్నది. శిక్షగా తొలగించాలంటే విచారణ జరగాలి. తొలగించబడినవారు వివాదం లేవదీయవచ్చు. ఇవన్నీ ఎవరికి? తొలగించబడినవారికి. తనంతట తాను మానుకున్నవారికి ఇందులో ఒక్కటీ లేదు. రాజీనామా పత్రంపై సంతకం పెట్టిన క్షణంలో ఆమె చట్టం గుమ్మం దాటి బయటకు వచ్చి నిలబడుతుంది. యాజమాన్యం మంచి ధ్రువపత్రం ఆశ చూపి కొనుక్కునేది దీనినే. అంత చౌకగా అమ్మమని చెప్పడానికి మనమెవరం?

గ్రాట్యుటీ మాట కూడా అనుకోవాలి. అయిదేళ్ళ సర్వీసు నిండితే రాజీనామా చేసినవారికీ గ్రాట్యుటీ వస్తుంది. ఈ అమ్మాయికి నాలుగేళ్ళ ఏడు నెలలు నిండాయి. అయిదేళ్ళకు అయిదు నెలల ముందే యాజమాన్యానికి ఆమె పనిలో లోపం కనబడడం కాకతాళీయమే కావచ్చు. ముప్పై మూడేళ్ళు తేదీల మధ్య బ్రతికినవాణ్ణి గనుక నా చూపు తేదీల మీదికే పోతుంది.

నర్సుల కౌన్సిలు పేరు చెప్పి భయపెట్టడం మరీ అన్యాయం. 1926 నాటి మద్రాసు చట్టం నుంచి మనకు సంక్రమించిన ఆ వ్యవస్థ, ఒక నర్సు పేరును తన పట్టిక నుంచి తీసివేయదలిస్తే తానే విచారించాలి, ఆమె వాదన వినాలి. ఒక ఆసుపత్రి తీసేసినంత మాత్రాన రిజిస్ట్రేషను పోదు. కేస్ షీటులో రెండు గంటలు ఆలస్యంగా వ్రాసిన మాటకు జీవితమంతా ముగిసిపోతుందని ఇరవై ఆరేళ్ళ పిల్లను నమ్మించడం దయగల పని కాదు.

నా వాదానికి ఎదురుగా నిలిచే మాట ఒకటి ఉంది, దానిని తేలికగా తీసివేయను. గల్ఫ్ దేశాలకు వెళ్ళదలచిన నర్సుకు అనుభవ ధ్రువపత్రమే ప్రాణం. అక్కడి అధికారుల తరఫున డేటాఫ్లో వంటి సంస్థలు పాత యజమానినే నేరుగా అడిగి సరిచూస్తాయి. గోదావరి జిల్లాల ఇళ్ళు ఎన్ని గల్ఫ్ జీతాల మీద నిలబడ్డాయో నాకు తెలుసు. ‘తొలగించడమైనది’ అనే ఒక్క మాట ఆ దారికి అడ్డం పడుతుందేమోనన్న ఆ తండ్రి భయం నిజమైన భయం. కాని ఆ గదిలో జరిగిన బేరాన్ని ఒకసారి పరిశీలించండి. ఆమె ఇవ్వవలసినది కాగితం మీద, సంతకంతో, తేదీతో. వారు ఇస్తామన్నది నోటిమాట. ధ్రువపత్రం ముందుగా చేతికి ఇస్తారా అని అడిగితే, ‘ముందు నువ్వు ఇవ్వమ్మా’ అన్నారట. నిజాయతీ గల బేరమైతే రెండు కాగితాలు ఒకే బల్ల మీద మారేవి. ఆ పిల్ల చేతిలో ఇప్పటికే ఉన్న రుజువులు తక్కువేమీ కావు. నియామక పత్రం ఉంది, బ్యాంకులో నెలనెలా పడిన జీతం ఉంది, భవిష్య నిధి ఖాతాలో యజమాని కట్టిన వాటా ఉంది. పనిచేసిన తేదీలను ఇవి చెబుతాయి, వాటిని చెరపడం ఏ హెచ్.ఆర్. తరమూ కాదు.

ఇప్పుడు ఈ పత్రిక పాఠకులకు మరింత సూటిగా సంబంధించిన చోటికి వస్తాను. మతం కారణంగా ప్రైవేటు యజమాని ఒకరిని తొలగిస్తే, ఆ ఒక్క కారణంపై నేరుగా నిలదీయడానికి మన దేశంలో సమగ్రమైన చట్టం లేదు. రాజ్యాంగంలోని 16వ అధికరణం ప్రభుత్వోద్యోగాలకే. హెచ్‌ఐవి ఉన్న వ్యక్తిని ఉద్యోగం నుంచి తొలగించరాదని 2017 చట్టం ప్రైవేటు యజమానికీ చెప్పింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల పట్ల వివక్ష కూడదని 2019 చట్టం ప్రతి సంస్థకూ చెప్పింది. అవి న్యాయమైన చట్టాలు, రావలసినవే. మతం విషయంలో ఆ మాట ఇంకా ఎవరూ చట్టంగా చెప్పలేదు. 2006లో సచార్ కమిటీ సమాన అవకాశాల కమిషన్ కావాలని సిఫారసు చేసింది. 2008లో మాధవ మీనన్ నాయకత్వంలోని నిపుణుల బృందం దాని రూపురేఖలు గీసి ఇచ్చింది. ఆ కమిషన్ నేటికీ పుట్టలేదు.

ఎందుకు పుట్టలేదు అని మనం సభలు పెట్టి అడుగుతాం. అడగాలి. కాని అడిగిన ప్రతిసారీ అవతలివారు వేసే ఎదురు ప్రశ్న ఒకటి ఉంటుంది: ‘వివక్ష జరుగుతున్నదనడానికి మీ దగ్గర ఆధారమేది? ఎన్ని కేసులు?’ మన దగ్గర కేసులు ఉండవు, రాజీనామాలు ఉంటాయి. సచార్ కమిటీ అంకెలు మాట్లాడగలిగిందంటే ఎక్కడో ఏదో కార్యాలయంలో ఎవరో ఆ అంకెలను వ్రాసి ఉంచబట్టే. వరండాలో కూర్చుని ‘గుట్టుగా పోనివ్వండి’ అన్న ప్రతిసారీ మనం ఒక సాక్ష్యాన్ని చేజేతులా మన కొల్లేటిలో ముంచుతున్నాం. ఆపైన, మన బాధ ఎవరికీ కనబడదేమని వాపోతున్నాం.

ఇది ముస్లిం నర్సుల కష్టం మాత్రమే అనుకుంటే మరొక పొరపాటు. ఆ రాత్రి ఆమెతో డ్యూటీలో ఉన్న రెండవ నర్సు క్రైస్తవ దళిత కుటుంబం నుంచి వచ్చిన సోదరి. ఊపిరి ఆడని రోగి వద్ద ఈమె ఉన్నదని తన చేతితో వ్రాసి ఇవ్వడానికి ముందుకు వచ్చింది ఆమెయే. మన పెద్దలలో ఒక్కరూ అంత దూరం రాలేదు. 2021 జూలైలో తెలంగాణలో పదహారు వందల మందికి పైగా ఔట్‌సోర్సింగ్ నర్సులను, కోవిడ్ రెండవ కెరటం ఇంకా పూర్తిగా తీరకముందే తొలగించినప్పుడు వారి మతమేదో ఎవరూ చూడలేదు. నర్సును తీసేయడం ఈ దేశంలో అందరికీ సులువే. తలగుడ్డ ఉంటే ఇంకొంచెం సులువు, అంతే తేడా.

తలగుడ్డ మాట వచ్చింది గనుక ఒక ఉదాహరణ. 2023 జూన్‌లో తిరువనంతపురం వైద్య కళాశాలకు చెందిన ఏడుగురు ముస్లిం విద్యార్థినులు, ఆపరేషన్ థియేటరులో పొడవు చేతుల జాకెట్లు, తలను కప్పే సర్జికల్ హుడ్లు ధరించనివ్వాలని ప్రిన్సిపాలుకు ఉత్తరం వ్రాశారు. వైద్యులలో చాలామంది అది శుభ్రత నియమాలకు విరుద్ధమన్నారు. వారి కోరిక సబబా కాదా అనే చర్చ వైద్యులకే వదిలేస్తాను. నాకు నచ్చినది ఒకటే. వారు చదువు మానేసి ఇంటికి పోలేదు. అడగదలచినది కాగితం మీద అడిగారు, అవతలివారు జవాబు చెప్పవలసి వచ్చింది.

అంటే ఎన్నడూ రాజీనామా చేయరాదా? అలా అనను. వేధింపు ఒంటికో మానానికో ప్రమాదమైతే, ఆ చోట ఒక్క రోజు కూడా ఉండమని ఏ పిల్లకూ చెప్పను. వేరే ఉద్యోగం ఉత్తర్వు చేతిలో ఉంటే సంతోషంగా వెళ్ళవచ్చు. మనసు విరిగి ఇక ఆ మెట్లు ఎక్కలేనంటే, ఆ నిర్ణయం ఆమెది. దానిని తప్పుపట్టే అధికారం నా వంటి పింఛనుదారుకు లేదు. అప్పుడు నేను కోరేది ఒక్కటి: కారణం వ్రాయండి. ‘ఫలానా తేదీన ఫలానా గదిలో నన్ను రాజీనామా ఇమ్మని చెప్పినందువల్ల’ అని వ్రాయండి. ‘తక్షణమే’ అనే మాట మాత్రం వ్రాయకండి, ఒక నెల తరువాతి తేదీ వేయండి. 1977లో అలహాబాదు హైకోర్టు న్యాయమూర్తి ఒకరు ఆగస్టు 1 నుంచి వర్తించేటట్లు రాష్ట్రపతికి రాజీనామా పంపి, జూలైలో దానిని ఉపసంహరించుకున్నారు. ఆ ఉపసంహరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు 1978లో తేల్చింది. అంతటివారికి మనసు మార్చుకునే హక్కు ఉన్నప్పుడు, బెదిరింపు మధ్య సంతకం పెట్టిన నర్సుకు ఆ ఆశ ఎందుకు ఉండకూడదు? బలవంతంగా సంతకం పెట్టించుకుంటే, ఆ రాత్రే ఆ సంగతి వ్రాసి మరునాడు ఉదయం పోస్టులో వేయాలి. వారం ఆగితే ఆ ఉత్తరం విలువ సగానికి పడిపోతుంది. చివరి జీతం సంగతీ మరవకండి. తొలగించినా, తానే మానుకున్నా, రెండు పనిదినాలలో బకాయి చెల్లించాలని 2019 వేతనాల కోడ్ చెబుతున్నది.

జమాఅతు పెద్దలకు ఒక విన్నపం. ప్రతి మస్జిదులో చందాల పుస్తకం ఉంది, నికాహ్ పుస్తకం ఉంది. వాటి పక్కన ఇంకొక పుస్తకం పెట్టండి. మన పిల్లలలో ఎవరిని ఏ ఉద్యోగం నుంచి ఏ తేదీన మానుకొమ్మన్నారో, ఏ మాటలతో అన్నారో, వారి అనుమతితో అందులో వ్రాయండి. పేరు వద్దంటే సంఖ్య వేయండి. పన్నెండు రూపాయల పుస్తకం చాలు. వ్రాయడానికి మనిషి లేడంటే, భీమడోలు వరకు నేను ఉన్నాను. నా దస్తూరీ ఇంకా చెడలేదు. చేసిన ఒక పాడు పనికి దానితోనే కొంత పరిహారం చెల్లించుకుంటాను.

వరండా తీర్పును నేను ఆ ఇంటికి మోసుకుపోలేదు. శనివారం ఉదయం ఆ అమ్మాయినీ ఆమె తల్లినీ కూర్చోబెట్టి, రెండు దారులలో ఏది పట్టినా ఏమేమి రావచ్చో, ఏమేమి పోవచ్చో చెప్పాను. ఉద్యోగం పోయే అవకాశం ఉందని కూడా దాచకుండా చెప్పాను. తల్లి చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, ‘చెయ్యని నేరానికి సంతకం పెట్టొద్దు, చేసిన తప్పు ఉంటే చెప్పెయ్’ అంది. ఉత్తరం ఆ అమ్మాయే వ్రాసింది. నేను అక్షరదోషాలు మాత్రం దిద్దాను. ఆ రాత్రి జరిగినది గంటల వారీగా వ్రాసింది. కేస్ షీటులో ఆలస్యంగా వ్రాయడం తన లోపమని ఒప్పుకుంది. ఫిర్యాదు ప్రతి ఇప్పించమని, మెమో ఇచ్చి తన వివరణ తీసుకోమని, తనకు రాజీనామా చేసే ఉద్దేశం లేదని వ్రాసింది. రిజిస్టర్డ్ పోస్టును నిరుడు స్పీడ్‌పోస్టులో కలిపేశారు గనుక (నా వంటి పాతకాలపు గుమాస్తాలకు అదొక చిన్న దుఃఖం) స్పీడ్‌పోస్టులోనే పంపి, ఒక ప్రతిని సోమవారం తానే కార్యాలయంలో ఇచ్చి, రెండవ ప్రతిపై ‘అందినది’ అని సంతకం అడిగింది. సంతకం చేయడానికి వారికి గంటన్నర పట్టింది.

ఇప్పటికి ఏడు వారాలు గడిచాయి. తొలగింపు ఉత్తర్వు రాలేదు, క్షమాపణ కూడా రాలేదు. రాత్రి వార్డు నుంచి ఓపీకి మార్చారు. ఈ నెల ఇంక్రిమెంటు అందరికీ ఇచ్చి ఆమెకు ఆపారు. ఆపిన కారణం వ్రాతపూర్వకంగా తెలుపవలసిందని రెండవ ఉత్తరం నిన్న పంపింది. ఈసారి నన్ను సంప్రదించలేదు. స్పీడ్‌పోస్టు రసీదు ఫోటో మాత్రం రాత్రి నా ఫోనుకు పంపింది.